కుమార్తెల స్వాస్థ్యము

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 27:1–11, యోబు 42:12–15



తండ్రి ఆస్తిలో కుమార్తెకు పాలు కలదా అని అడిగినయెడల, నేడు మన సంఘములలో కలదని ఒప్పుకొనువారే యెక్కువ. అయితే ఆమె ఆ పాలు వద్దని వ్రాసి యిచ్చినప్పుడు, ఆ వద్దనుట నిజముగా ఆమె మాటయేనా? ఈ మాసము మేము మీ యెదుట ఉంచగోరు ప్రశ్న ఇదియే. మొదటి ప్రశ్నకంటె ఇది కష్టమైనదని మా తలంపు.

రామాయపట్నము మొదలుకొని తూపిలిపాళెము వరకు మన సముద్రతీరపు పల్లెలలో జరుగు రీతి మీకు తెలిసినదే. తండ్రి ప్రభువునందు నిద్రించును. ఆదరణ కూడిక, ఆ తరువాత జ్ఞాపకార్థ కూడిక జరుగును. బంధువులు భోజనములు చేసి వెళ్లిన పిమ్మట పొలము పంచు మాట వచ్చును. అక్కచెల్లెండ్రు తమ హక్కును విడుదల చేసినట్లు ఒక స్టాంపు కాగితము సిద్ధమగును. "మా అక్క ఇష్టపూర్తిగానే చేవ్రాలు చేయుచున్నదయ్యా, మీరు సాక్షిగా ఒక సంతకము పెట్టుడి" అని పాస్టరును అడుగుదురు. అక్కయు తల యూపును. ఎవరును ఎవరిని బెదిరించలేదు, గద్దించలేదు. ఇక అడ్డేమున్నది?

ముందుగా చట్టము సంగతి చెప్పవలెను. క్రైస్తవులకు వర్తించు భారత వారసత్వ చట్టము 1925వ సంవత్సరపుది. తండ్రి వీలునామా వ్రాయకుండ చనిపోయినయెడల అతని భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా చెందును. అందులో కుమారుడని, కుమార్తె అని భేదము లేదు. మూడు ఎకరముల మాగాణి యున్నదనుకొనుడి. తల్లికి ఒక ఎకరము. ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు ఉన్నయెడల మిగిలిన రెండెకరములలో తలకొక అర యెకరము. లెక్క ఇంత సుళువు. మన పొరుగున నున్న హిందూ కుటుంబములలో ఉమ్మడి ఆస్తియందు కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు మన రాష్ట్రములో 1985 నుండి, దేశమంతటను 2005 నుండి కలిగినది. కాగితము చూచినయెడల మనము అరువది సంవత్సరములు ముందున్నాము. పొలము గట్టు చూచినయెడల ఎవరెంత ముందున్నారో మీరే చెప్పగలరు.

కేరళలోని తిరువాన్కూరు క్రైస్తవులకు 1916వ సంవత్సరపు వేరొక చట్టము ఉండెడిది. దాని ప్రకారము కుమార్తెకు కుమారుని పాలులో నాలుగవ వంతో, అయిదువేల రూపాయలో, ఏది తక్కువైన అది. మేరీ రాయ్ అను సిరియను క్రైస్తవ స్త్రీ న్యాయస్థానమునకు వెళ్లగా, 1986లో సుప్రీంకోర్టు 1925 చట్టమే వారికిని వర్తించునని తీర్పు చెప్పెను. ఆ తీర్పు విని సంతోషింపని సంఘ పెద్దలు అక్కడ కొందరు లేకపోలేదు. సంఘము కుమార్తెల పక్షమున నిలువక కుటుంబముల పక్షమున నిలుచుట ఎంత సులభమో దీనివలన తెలియుచున్నది.

ఈ చిక్కు మన పల్లెలలోనే పుట్టినదని తలంచరాదు. పడమటి దేశములకు సువార్త క్రొత్తగా చేరిన దినములలో ఇదే చిక్కు అక్కడను ఉండెను. నేటి ఫ్రాన్సు దేశమును ఏలిన ఫ్రాంకులు అను జనుల రాజు క్లోవిస్, క్రైస్తవురాలైన తన రాణి క్లోటిల్డా ప్రేరణచేత బాప్తిస్మము పొందెను. 6వ శతాబ్దపు ఆరంభమున అతని కాలములోనే ఆ జనుల ధర్మశాస్త్రము వ్రాయబడెను. దానికి సాలిక్ శాస్త్రమని పేరు. పితరుల భూమి స్త్రీకి చెందదు, మగసంతతికే చెందునని అందులో నున్నది. ఇటలీలోని లొంబార్డుల రాజైన రోతారి 643లో చేసిన శాసనములో, స్వతంత్రురాలైన స్త్రీ ఎవరును తన మీద తానే అధికారము గలదై జీవింపరాదనియు, తండ్రియో, సోదరుడో, భర్తయో, ఎవరును లేనప్పుడు రాజో, ఒక పురుషుని సంరక్షణలో ఉండవలెననియు వ్రాసిరి. మన దేశపు పాత స్మృతులు విన్నవారికి ఈ మాట క్రొత్తగా తోచదు. భాషలు వేరు, దేవతలు వేరు, సముద్రములు వేరు. కట్టుబాటు మాత్రము ఒక్కటే.

తరువాత ఆ కట్టుబాటు కొంత సడలినది. క్లోవిస్ మనుమడైన చిల్పెరిక్ రాజు, కుమారులు లేని యెడల భూమి కుమార్తెకు రావచ్చునని ఒక శాసనము చేసెను. ఈ "కుమారులు లేని యెడల" అను మాటను కొంచెము గట్టిగా పట్టుకొనుడి. సెలోపెహాదు కుమార్తెల సంగతియు ఇదియే. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఆ అయిదుగురు మోషే యెదుటికి వచ్చి నిలిచినప్పుడు, తమ తండ్రికి కుమారులు లేరు గనుక అతని పేరు తన వంశములోనుండి పోకూడదని మనవి చేసిరి. యెహోవా వారి మాట యుక్తమని సెలవిచ్చెను. సమాజమంతటి యెదుట నోరు తెరచి అడిగిన ఆ అయిదుగురి ధైర్యమును మేము కొంచెముగా ఎంచము. అయినను వారు నిలిచినది అన్నదమ్ములు లేని ఖాళీ చోటనే.

మన తెలుగుదేశములో దీనికి పెద్ద సాక్ష్యము రుద్రమదేవి. కాకతి గణపతిదేవునికి కుమారులు లేరు. మన నెల్లూరి మనుమసిద్ధికి పోయిన రాజ్యమును తిరిగి ఇప్పించిన గణపతిదేవుడే ఆయన. తన కుమార్తెకు రుద్రదేవుడని మగపేరు పెట్టి, రాచవిద్యలు నేర్పించి, సింహాసనము అప్పగించెను. 1262 నుండి 1289 వరకు ఆమె ఏలెను. శాసనములలో ఆమెను మహారాజు అని వ్రాసిరి. సామంతులు కొందరు ఆమెకు లోబడక తిరుగబడిరి. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరాటములో ఆమె 1289లో గతించినట్లు చందుపట్ల శాసనమునుబట్టి పండితులు నిర్ణయించియున్నారు. వెనిసు పట్టణస్థుడైన మార్కోపోలో ఈ తీరము సంగతి వ్రాయుచు, మోటుపల్లి గల రాజ్యమును నలువది యేండ్లు న్యాయముగా పాలించిన రాణిని ప్రశంసించెను. అయితే ఆమెను చనిపోయిన రాజుయొక్క భార్య అనుకొనెను. కుమార్తె సింహాసనమెక్కునని ఆ పరదేశికి తోచలేదు కాబోలు!

రుద్రమ ఏలిన మాట నిజమే. కాని కుమార్తెగా ఏలుటకు ఆమెకు చోటు లేకపోయెను. కుమారుని పేరు, కుమారుని వేషము ధరింపవలసి వచ్చెను. ఆమెకును కుమార్తెలే. రాజ్యము వారిలో ఎవరికిని రాలేదు. ఆమె కుమార్తె ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని దత్తు తీసికొని అతనికి అప్పగించిరి. రెండు తరముల స్త్రీలు ఒక మగవానినుండి మరియొక మగవానికి దాటు వంతెనగా నిలిచిరన్నమాట.

ఫ్రాంకుల రాణి బాల్థిల్డ్ కథయు ఇట్టిదే. ఆమె ఇంగ్లండునుండి వచ్చిన బానిస పిల్ల. రెండవ క్లోవిస్ రాజు ఆమెను పెండ్లాడెను. 657లో అతడు చనిపోగా, కుమారుడు చిన్నవాడు గనుక ఆమె రాజ్యము నడిపెను. తాను అమ్ముడుపోయిన దినములు ఆమె మరువలేదు. క్రైస్తవులను బానిసలుగా అమ్మకూడదని కట్టడ చేసెను, అనేకులను తన ధనముతో విడిపించెను. అయితే కుమారుడు పెద్దవాడైన తరువాత రాచనగరిలోని పెద్దలకు ఆమె అక్కరలేకపోయినది. సుమారు 665లో ఆమెను షెల్ అను మఠమునకు పంపివేసిరి. మన యిండ్లలో భర్తను పోగొట్టుకొన్న తల్లులను చూడుడి. పిల్లలు చిన్నవారై యున్నప్పుడు కౌలు మాట, విత్తనముల మాట, అప్పుల మాట అన్నియు ఆమెయే చూచును. పిల్లలు మీసములు వచ్చినవారైన తరువాత ఆమె మంచము వసారాలోనికి వచ్చును. ఆమెకు చట్టము ఇచ్చిన మూడవ వంతును వేరుగా కొలిచి యిచ్చిన యిల్లు ఎంత అరుదో మీకు తెలియును. కుమార్తెల మాట అయినను అప్పుడప్పుడు వినబడును గాని, తల్లి పాలు మాట ఎవరును ఎత్తరు.

ఇప్పుడు మేము మిక్కిలి ఇష్టముతో చెప్పగోరు సంగతికి వచ్చితిమి. 7వ శతాబ్దములో ఫ్రాంకుల దేశమున మార్కుల్ఫ్ అను ఒక సన్యాసి యుండెను. పత్రములు ఎట్లు వ్రాయవలెనో తెలియనివారి కొరకు ఆయన నమూనాలు కూర్చెను. అమ్మకమునకు ఒకటి, దానమునకు ఒకటి, బానిసను విడిచిపెట్టుటకు ఒకటి. వాటిలో ఒకటి తండ్రి తన కుమార్తెకు వ్రాయు పత్రము. అక్కచెల్లెండ్రకు అన్నదమ్ములతో పాటు పితరుల భూమిలో పాలు ఉండరాదను ఆచారము తమలో బహుకాలమునుండి ఉన్నదనియు, అయినను అది భక్తికి విరుద్ధమైన ఆచారమనియు ఆ తండ్రి అందులో చెప్పుచున్నాడు. దేవుడు తనకు పిల్లలందరిని సమానముగా ఇచ్చెను గనుక తానును వారిని సమానముగా ప్రేమింపవలెననియు, తన తరువాత వారు సమానముగా అనుభవింపవలెననియు ఆయన తలంచినాడు. అందుచేత కుమార్తెను ఆమె సోదరులతో సమముగా వారసురాలినిగా నిలుపుచున్నాడు.

ఇక్కడ కుమారులు లేరా? ఉన్నారు. ఉండగానే ఇచ్చినాడు. యోబు చేసినదియు ఇదియే. శ్రమ తీరిన తరువాత యోబుకు ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు కలిగిరి. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని కుమార్తెల పేర్లు గ్రంథములో వ్రాయబడినవి, కుమారుల పేర్లు వ్రాయబడలేదు. వారి సహోదరుల మధ్యనే తండ్రి వారికి స్వాస్థ్యమిచ్చెను. ఏల ఇచ్చెనో కారణము చెప్పలేదు. కుమార్తెలు గనుక ఇచ్చెను, అంతే. పేరు నిలుపుటకు కాదు, వంతెన వేయుటకు కాదు. సెలోపెహాదు కుమార్తెలు ఖాళీ చోట నిలిచి పొందిరి, యోబు కుమార్తెలు నిండిన యింటిలో పొందిరి. 1925 చట్టము ఈ రెండవ త్రోవలోనిది.

కొందరు పెద్దలు, "వంశాచారములు దేవుడు ఏర్పరచినవి గదా, వాటిని కదల్చవచ్చునా?" అని అడుగుదురు. సంఖ్యాకాండము 36వ అధ్యాయము చదివినప్పుడెల్లను మన బైబిలు తరగతులలో ఒక అలజడి పుట్టుట మీరెరుగుదురు. ఆ అయిదుగురు కుమార్తెలు తమ తండ్రి సహోదరుల కుమారులను పెండ్లాడిరి. మన తట్టు చిన్నాన్న కుమారుడు తమ్ముడు, పెదనాన్న కుమారుడు అన్న. ఆ మాట వినుటకే మన తల్లులకు ఒళ్లు జలదరించును. మేనమామ కుమారుడైనయెడల మాత్రము సంతోషముగా పందిరి వేయుదురు! పడమటి దేశపు సంఘమో, 6వ శతాబ్దమునుండి ఇటు పినతండ్రి పిల్లలను, అటు మేనమామ పిల్లలను కూడ నిషేధించి, రానురాను ఏడు తరముల వరకు వావి లెక్కించి, 1215లో నాలుగు తరములకు తగ్గించినది. జాక్ గూడీ అను ఆంగ్ల పండితుడు 1983లో వ్రాసిన గ్రంథములో, ఈ నిషేధములవలన వారసులు తగ్గి భూములు సంఘమునకు చేరెనని వాదించెను. పండితులందరు దానిని ఒప్పుకొనలేదు. అయినను సంఘము భూమి విషయములో ఎల్లప్పుడు నిష్పక్షపాతముగా ఉండెనని మేమును చెప్పలేము. ఇంతకు మా మాట యేమనగా, ఎవరు ఎవరికి ఏమగుదురను వరుసయే దేశమునకొక విధముగా ఉన్నప్పుడు, ఆడపిల్లకు పొలము లేదను ఒక్క మాట మాత్రము సీనాయి పర్వతముమీదనుండి దిగినదని యెట్లు నమ్ముదుము?

మరి కట్నము ఇచ్చితిమి గదా అందురు. కట్నము ఎవరి చేతికి వెళ్లినది? 1961 నుండి చట్టము నిషేధించినను, అది పెండ్లికుమారుని తండ్రి చేతికే వెళ్లుచున్నది. ఫ్రాంకులలో పెండ్లి మరునాటి ఉదయమున భర్తయే భార్యకు ఒక కానుక నిచ్చెడివాడు, అది ఆమె సొత్తు. చిల్పెరిక్ రాజు తన రాణి గల్స్విన్తకు అట్లు పట్టణములే ఇచ్చెను. ఆ తరువాత ఆమెను గొంతు పిసికించి చంపించెనని తూర్ పట్టణపు బిషప్ గ్రెగరీ వ్రాసియున్నాడు. కుమార్తెలకు భూమి రావచ్చునని శాసించినవాడే ఈ పని చేయించెను! అయినను ఆ పట్టణములు ఆమె సొత్తు గనుక, ఆమె తోబుట్టువైన బ్రూన్‌హిల్డ్ వాటిని అడిగెను. 587లో ఆందెలో అనుచోట జరిగిన ఒడంబడికలో ఆమె హక్కును ఒప్పుకొనిరి. సొత్తుగా వ్రాసియున్నది చనిపోయినదాని పక్షమునను నిలిచి మాటలాడినది.

మన ఆడపడుచులకు పుట్టింటినుండి వచ్చునది వేరు. క్రిస్మసుకు చీర, పంటకు ఒక బస్తా బియ్యము, కాన్పుకు నాలుగు నెలలు. ఇవి ప్రేమతో ఇచ్చునవే, వీటిని మేము తేలికగా మాటలాడము. భర్త త్రాగి కొట్టినప్పుడు రాత్రివేళ తలుపు తట్టుటకు ఆమెకు ఆ యొక్క యిల్లే యున్నది. అందుచేతనే ఆ కాగితము ముందు ఆమె చేయి వణకుచున్నది. అర యెకరము ఒక తట్టున, ఆ తలుపు ఒక తట్టున పెట్టి తూచుకొమ్మని మనము ఆమెతో చెప్పుచున్నాము. ఆమె తలుపును కోరుకొనును. దానినే మనము ఇష్టపూర్తి అని వ్రాయించుచున్నాము. మన జిల్లాలోనే దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణములు మూయించిరి. రోశమ్మ మొదలైన వారు రేపిన ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారాను నిషేధింపజేసెను. మన తెలుగు స్త్రీకి నోరు లేదని ఎవరనగలరు? వీధిలో గుత్తేదారుని ఎదిరించిన ఆమెయే అన్న యింటి చాపమీద కూర్చున్నప్పుడు మాట రాక కొంగు నలుపుకొనుచున్నది. గుత్తేదారుని పోగొట్టుకొన్నందున ఆమెకు నష్టము లేదు. అన్నను పోగొట్టుకొన్నయెడల నున్నది.

రొయ్యల గుంటలు వచ్చిన తరువాతను, 2008లో కృష్ణపట్నము ఓడరేవు తెరచిన తరువాతను తీరపు నేల ధర మారినది. ఉప్పు పట్టి ఎవరును అడుగని చవుడు నేలకును వెల వచ్చినది. వెల లేనప్పుడు చేసిన విడుదల ఒకటి, లక్షలు పలుకునని అన్న ఎరిగియుండి అక్క ఎరుగనప్పుడు చేసిన విడుదల మరియొకటి. కనుక సాక్షి సంతకము అడిగినవారిని మేము రెండు ప్రశ్నలు అడుగుచున్నాము. ఆమె పాలు ఎంతో, దాని వెల నేడెంతో ఆమెకు చెప్పితిరా? ఆమె సంతకము చేయనన్నయెడల ఈ క్రిస్మసుకు ఆమెను ఈ యింటికి పిలుతురా? రెండవ ప్రశ్నకు జవాబు వెంటనే వచ్చినయెడల మాకు సంతోషము. నిజముగానే ఇష్టపడి ఇచ్చు అక్కలు ఉన్నారు. కలిగిన యింట స్థిరపడి, కష్టములోనున్న తమ్మునికి విడిచిపెట్టినవారిని మేము ఎరుగుదుము. అది దానము. అయితే దానము చేయుటకు ముందు అది తనదై యుండవలెను గదా.

వాక్యము తెలిసిన అన్నదమ్ములు లూకా 12వ అధ్యాయమును చూపుదురు. స్వాస్థ్యము పంచిపెట్టుమని ఒకడు అడిగినప్పుడు ప్రభువు తాను పంచువాడను కానని చెప్పెను గదా అందురు. నిజమే. అయితే ఆ వెంటనే ఆయన లోభమునుగూర్చి హెచ్చరించెను. ఆ హెచ్చరిక అడిగినవానికి తగులునంతగా, అంతయు చేతిలో పెట్టుకొని యున్నవానికిని తగులును. అటు తరువాత ఆయన చెప్పిన ఉపమానములోని ధనవంతుడు అడుగువాడు కాడు, కొట్లు నిండినవాడు. అట్లే మొదటి కొరింథీ 6వ అధ్యాయములో, వ్యాజ్యెమాడుటకంటె అన్యాయము సహించుట మేలను భావము కలదు. ఆ ఉపదేశము అన్యాయము పొందినవారు తమంతట తామే చేతికెత్తుకొనవలసిన సిలువ. అన్యాయము చేయువాడు దానిని తీసికొని అక్క భుజముమీద పెట్టుటకు అతనికి సెలవు లేదు. ఆ మరుసటి వచనములోనే అపొస్తలుడు సహోదరులకే అన్యాయము చేయువారిని గద్దించుచున్నాడు. సగము చదివి పుస్తకము మూయుట మంచిది కాదు.

మన మిషను చరిత్రలో 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద మోకరించిన అయిదుగురిలో ముగ్గురు స్త్రీలని మనము పండుగలలో చెప్పుకొందుము. ప్రార్థన కొండకు వారిని తీసికొని వెళ్లిన సంఘము పొలము గట్టుమీదికి వారిని తీసికొని రాలేదు.

తండ్రులతో ఒక్క మాట. చనిపోయిన తరువాత చాపమీద జరుగు సంగతికి అన్నదమ్ములనే తప్పుపట్టుట న్యాయము కాదు. మార్కుల్ఫ్ నమూనాలోని తండ్రి తాను బ్రదికియుండగానే వ్రాసినాడు. తాను పోయిన తరువాత కుమారులు ఏమి చేయుదురో అతడెరుగును, గనుక ఆ బరువు కుమార్తెమీద పెట్టలేదు. తల్లిదండ్రులు తమ జీవితకాలములో వీలునామా వ్రాసినయెడల, అక్క తమ్ముని అడుగనక్కరలేదు, తమ్ముడు అక్కకు ఇచ్చితినని చెప్పుకొననక్కరలేదు. కొలత, గట్టు, సర్వే నంబరు అన్నియు వివరముగా ఉండవలెను. ఇద్దరు సాక్షులు చాలుదురు. రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాకపోయినను మంచిది. తల్లికి మూడవ వంతు తగ్గకుండ చూడుడి. పల్లెలో వ్రాయుట వచ్చినవారు లేనియెడల మా యొద్దకు రావచ్చును, ఆదివారము ఆరాధన తరువాత కూర్చుందము.

ఆ పాత నమూనాలలో ఒక విశేషమున్నది. పేరు వ్రాయవలసిన చోట ఎవరి పేరును లేదు, ఫలానా అని మాత్రమే యున్నది. కావలసిన తండ్రి తన కుమార్తె పేరు అక్కడ వ్రాసికొనవచ్చును. మన రిజిస్టరు కచేరీ యెదుట చెట్టు నీడను కూర్చుండు దస్తావేజు లేఖరి యొద్దను నమూనాలు ఉండును. హక్కు విడుదలకు ఒకటి, వీలునామాకు ఒకటి. రెండిటిలోను పేర్ల చోటు ఖాళీగానే యుండును.